టైటా కొండలలో పక్షుల కాపురము

ఆఫ్రికా యనగానే మనలో అనేకులకు సింహములును, ఏనుగులును, ఎండిన మైదానములును మాత్రమే తలపునకు వచ్చును. ఆ దేశమునకు వచ్చిన క్రొత్తలో మేమును అట్లే తలచితిమి. కాని కెన్యా దేశపు ఆగ్నేయభాగమున, త్సావో యను ఎర్రమట్టి మైదానమునకు ప్రక్కగా, తలపై మేఘములను మోయుచున్న కొండలగుంపొకటి కలదు. వానికి టైటా కొండలని పేరు. ఆ శిఖరములందు మిగిలియున్న చిన్న చిన్న అడవులలో, ప్రపంచమున మరి యెచ్చటను కానరాని పక్షులు కొన్ని కాపురము చేయుచున్నవి. ఆ కాపురము నేడెట్టి యిక్కట్టులో నున్నదో, దానిని నిలుపుటకై అచ్చటివారు, ముఖ్యముగా స్త్రీలు, ఏమి చేయుచున్నారో మన సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వారు మొంబాసా రేవుపట్టణమున నొక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆగస్టు మాసపు సెలవులలో టైటా కొండలకు పోయి రావలెనని సంకల్పించితిమి. మనుచరిత్రమునందలి ప్రవరునికి సిద్ధుడు పాదలేప మొసగెను. మాకట్టి భాగ్యము లేదు గనుక రైలుబండినే ఆశ్రయించితిమి. ఒక విధముగా అదియు మేలే. ప్రవరుని లేపము మంచునకు కరగిపోయెను గాని మా టిక్కెట్టు కరగలేదు. ఈ దారిని మొదటి రైలుమార్గమును 1896 మొదలు 1901 వరకు వేసినవారిలో మన దేశమునుండి పోయిన కూలీలే విశేషముగా నుండిరి. 1898 లో త్సావో నదిపై వంతెన కట్టుచుండగా రెండు సింహములు వారిలో అనేకులను పొట్టను బెట్టుకొనెను. 2017 లో తెరచిన క్రొత్తమార్గముపై ఇప్పుడు బండి చల్లగా, వేగముగా పోవుచున్నది. కిటికీలోనుండి చూడగా ఎర్రమట్టి పూసికొన్న ఏనుగులు కానవచ్చెను. ఆ మట్టిలో పొరలుటచే వాని చర్మమునకును ఆ రంగే పట్టినది.

వోయి స్టేషనులో దిగి, 'మటాటు' అని యచ్చటివారు పిలిచెడి చిన్న బండి నెక్కితిమి. మ్వటాటే యను ఊరివరకు దారికిరువైపుల కిత్తనార తోటలు, ముండ్లపొదలు, ఎండ. అచ్చటినుండి మార్గము కొండనెక్కనారంభించెను. మలుపు మలుపునకు గాలి చల్లబడెను. ఒక గంటకు ముందు విసనకర్ర వెదకినవారము, ఇప్పుడు పైటను మెడచుట్టు చుట్టుకొంటిమి. ఈ మార్పునకు కారణము సముద్రము. మన బందరు, భీమిలి తీరములకు చుట్టమే యైన హిందూమహాసముద్రమునుండి బయలుదేరిన తడిగాలి, చదునైన ఎండునేలపై ఎచ్చటను ఆగక వచ్చి, మొట్టమొదట ఈ కొండలను తాకును. తాకి పైకెక్కును, ఎక్కి చల్లబడి మంచుగా మారును. కొండలలో నెత్తైనది వూరియా శిఖరము. అది సముద్రమట్టమునకు సుమారు 2,200 మీటర్ల యెత్తున నున్నది. కెన్యానుండి టాంజానియావరకు ఇట్టి ప్రాచీన పర్వతములు వరుసగా నున్నవి. చుట్టును ఎండునేల, నడుమ తడికొండ. సముద్రమధ్యమున ద్వీపములవలె అవి యొండొంటికి దూరమై యుండుటచేతనే ఒక్కొక్క కొండలో వేరువేరు జీవములు పుట్టి పెరిగినవి.

మేము బసచేసిన ఊరిపేరు వుండాన్యి. ఆ కొండలవారు తమ్ము 'దవిడ' జనమని చెప్పుకొందురు. వారి పొలములు మెట్లుమెట్లుగా కొండవాలున దిగుచుండును. మొక్కజొన్న, చిక్కుడు, అరటి, కూరగాయలు ఆ మడులలో పండించుచున్నారు. పిన్నలు పెద్దలను చూచి 'షికమో' అందురు. పెద్దలు 'మరహబా' అని బదులు పలుకుదురు. పెద్దలకు నమస్కరించి దీవెన పొందు మన మర్యాదకు అది చాల దగ్గర. మా వారిని అందరును 'మ్వాలిము', అనగా పంతులుగారూ, అని పిలిచిరి. మమ్ములను మాత్రము 'మామా' అనిరి. ఆ దేశపు స్వాహిలీ భాషలో దానికి తల్లి యని యర్థము. తెలుగింట పుట్టినదానిని పట్టుకొని ఊరంతయు మామా యని పిలుచుచుండగా మొదట నవ్వాగలేదు. రెండుదినములకు చెవికి ఇంపయ్యెను. మేమున్న ఇంటి యజమానురాలు దుంపలును గింజలును ఉడికించి మెదిపిన 'కిమంగ' యను పదార్థమును పెట్టినది. ఇంచుక మిరపపొడి తగిలించినచో మన యింట చెల్లునట్టి రుచి.

ఇక అడవి మాట. ఒకప్పుడీ కొండల పైభాగమంతయు అడవియే. జనము పెరిగినకొలది పొలములు పైకెక్కెను. అడవి శిఖరములకు ముడుచుకొనెను. పూర్వపు అడవిలో నూటికి 98 పాళ్లు పోయినదని శాస్త్రజ్ఞులు వ్రాయుచున్నారు. మిగిలినది ఒక్కచోట లేదు. మ్బొలోలో కొండపై సుమారు 500 ఎకరములు, న్గాంగావోలో సుమారు 300 ఎకరములు, చావియాలో సుమారు 200 ఎకరములు. తక్కినవి కొన్ని మన మామిడితోటలంతటి ముక్కలు. ఈ ముక్కల నడుమ పొలములు, ఇండ్లు, బాటలు ఉన్నవి. కొన్నిచోట్ల కలపకును కట్టెలకును త్వరగా పెరుగునని దేవదారు జాతి చెట్లను, నీలగిరి తైలపుచెట్లను నాటిరి. దూరమునుండి చూచువారికి అదియు పచ్చని అడవివలెనే తోచును. లోనికి పోయి చూచినచో తేడా తెలియును.

ఆ తేడాను మేము న్గాంగావోలో చూచితిమి. మొదట నాటిన చెట్ల వరుసలు దాటితిమి. అచ్చట నేల ఎండుటాకుల చాపవలె నున్నది; పొద లేదు, తీగె లేదు, పక్షిశబ్దము చాల తక్కువ. తరువాత అసలైన అడవిలో అడుగు పెట్టితిమి. మధ్యాహ్నమున సంధ్యవేళవలె చీకటి. కర్పూరపుచెట్టునకు చుట్టములైన పెద్దమ్రాకులు, వానిపై నాచు, నాచుపై మరల చిన్న మొక్కలు. వాన కురియుటలేదు గాని ఆకులనుండి చినుకులు పడుచుండెను. మంచు ఆకులపై, నాచుపై నిలిచి, బొట్టుబొట్టుగా కూడి, నేలకు జారుచుండెను. మాకు దారిచూపిన పడుచువాడు నేలపైని ఆకుల పొరను చేతితో తొలగించి, క్రిందిమట్టిని పిండి చూపెను; తడిగుడ్డనుండి కారినట్లు నీరు కారెను.

ఈ అడవులకు ప్రత్యేకమైన పక్షులు మూడు. మొదటిది టైటా త్రష్ అనునది. గోరువంకకంటె కొంచెము చిన్నదిగా, నల్లని తల, నారింజవన్నె ప్రక్కలు, తెల్లని పొట్ట, పండుమిరపకాయవంటి ముక్కు గలది. 1913 లో మ్బొలోలో కొండనుండి దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసిరి. రెండవది టైటా అపాలిస్. పిచ్చుకకంటె చిన్నది, బూడిదవన్నెది, పొడవైన తోకది. 1938 లో మోరో యను పండితుడు దీనిని వర్ణించెను. మూడవది కంటిచుట్టు తెల్లని వెడల్పాటి వలయము గల పచ్చని పిట్ట. ఇది గుంపులు గుంపులుగా తిరుగును. ఈ కొండలలోను, సమీపముననే యున్న కసిగావు కొండపైనను తప్ప మరెచ్చటను లేదు. మేమీ మూడవదానిని తనివితీర చూచితిమి. చూచుచుండగనే పది పదునైదు పిట్టలు సన్నగా కిచకిచలాడుచు తలపైని కొమ్మలలోనుండి దాటిపోయెను. త్రష్ పక్షి ఎర్రముక్కు పొదక్రింద ఒక్కక్షణము మెరసి మాయమయ్యెను. అపాలిస్ మాకు దర్శన మీయలేదు.

త్రష్ పక్షి స్వభావము విన్నప్పుడు మాకు మిక్కిలి జాలి కలిగెను. అది నీడలో పుట్టి, నీడలో పెరిగి, నేలపైని రాలుటాకులను కాలితో చెదరగొట్టి పురుగులను ఏరుకొని తినును. రాలిన పండ్లను తినును. వెలుతురు గల పొలమునకు అది వెరచును. ఒక అడవిముక్కనుండి మరియొక ముక్కకు పోవలెనన్న, నడుమనున్న ఒకటి రెండు మైళ్ల మొక్కజొన్నచేలు దానికి సముద్రములే. కెన్యా జాతీయ ప్రదర్శనశాలవారును, బెల్జియము దేశపు ఘెంట్ విశ్వవిద్యాలయమువారును 1990 దశకము మొదలుకొని ఈ పక్షుల కాళ్లకు చిన్న కడియములు తొడిగి వాని రాకపోకలను గమనించిరి. అప్పటి యంచనాను బట్టి మొత్తము పక్షులు సుమారు 1,350. అందు వేయికి పైబడి మ్బొలోలోలోనే యుండెను. చావియాలో నలువదికి మించలేదు. పెద్ద అడవిలో నున్నవి ఒకరినొకరు కలిసికొని సుఖముగా నుండెను. చిన్నముక్కలో చిక్కినవి ఒంటరివయ్యెను.

ఆ పరిశోధనలో తేలిన రెండు సంగతులను చెప్పవలెను. చెడిన అడవిలో పెరిగిన పక్షులకు ఎడమకాలి యెముకకును కుడికాలి యెముకకును పొడవులో భేదము ఎక్కువగా కనబడెను. కంటికి ఆనునంతటిది కాదు, పరికరముతో కొలిచిననే తెలియును. తిండికి లోటై, శాంతి లేక పెరిగిన పిల్ల శరీరము సమముగా ఎదగదు; మన ఇండ్లలోని పసివారివిషయమున తల్లులకు ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. రెండవ సంగతి యేమన, చావియాలో ఆడుపక్షులు తక్కువై మగపక్షులు ఎక్కువయ్యెను. ఆడుది లేక గూడు లేదు. గూడు లేక వంశము లేదు.

క్రౌంచమిథునములో నొకదానిని బోయవాడు కొట్టగా చూచి వాల్మీకి హృదయము ద్రవించి కావ్యము పుట్టినదని మనము చిన్ననాటనే విన్నాము. ఇచ్చట బోయవాడు లేడు, బాణము లేదు. ఈ పక్షులను చంపవలెనని ఎవ్వరును అనుకొనలేదు. ఒకరు మొక్కజొన్నకై నాలుగు గుంటలు చదును చేసిరి. ఒకరు పొయ్యిలోనికి ఒక మోపు కట్టెలు తెచ్చిరి. ఒకరు ఇంటికి దూలము కొట్టిరి. ఎవరికివారు చేసినది చిన్నపనియే. అందుచేతనే కోపపడుటకును ఎవ్వరును దొరకరు.

అపాలిస్ గతి మరింత శోచనీయము. 2001 లో అవి మూడువందలకు పైబడి యుండునని లెక్కవేసిరి. తరువాతి పదియేండ్లలో రెండువందలకు లోబడెనని తేలినది. ప్రపంచమున అంతరించిపోవుటకు అంచున నున్న జీవుల పట్టికలో దీని పేరున్నది. ఎండ పెరిగినకొలది చల్లదనము వెదకుచు పక్షులు కొండపైకి జరుగును. కాని కొండకు కొన యున్నది గదా, దానిపైన ఆకాశమే.

ఇవి యెల్ల విన్నపిమ్మట మాకొక ప్రశ్న పుట్టెను. ఇంటిలో పొయ్యి వెలుగవలసిన తల్లికి ఈ పిట్ట మాట ఎందుకు? మా ప్రశ్నను న్గాంగావో దిగువ పొలము గల ఒక వృద్ధురాలిని అడిగితిమి. ఆమె చేతులలో నార బుట్ట అల్లుచు, తల యెత్తకయే, "మామా, మీ దేశమున కట్టెలెవరు తెత్తురు?" అని ఎదురు ప్రశ్న వేసెను. మా పల్లెలలో పెక్కుచోట్ల ఆడువారే తెత్తురని చెప్పితిమి. "నీళ్లో?" అనెను. వారే యంటిమి. "ఐనచో నీకు నేను చెప్పవలసిన దేమున్నది?" అని నవ్వెను.

ఆమె పొలము గట్టున ఒక ఊటవాగు కలదు. ఆమె కోడలుగా వచ్చిననాడు ఆ వాగు ఏడాది పొడుగునను పారుచుండెనట. పిమ్మట వాగుపై గట్టున నీలగిరి తైలపుచెట్లు నాటిరి. అవి ఎనిమిదియేండ్లకు అమ్ముడుపోయి కుమారుని చదువునకు అక్కరకు వచ్చెను. కాని వేసవిలో వాగు ఎండనారంభించెను. ఆ చెట్లు నేలలోని నీటిని విస్తారముగా త్రాగును. అసలైన అడవిచెట్లు మంచును పట్టి నేలకు దించును. నీరు మోయుటకు కోడండ్రు దూరము పోవలసివచ్చెను. అప్పుడామె వాగు రెండుగట్టులను ఉన్న చెట్లు కొట్టించి దేశవాళీ మొక్కలను పెట్టించినది. "పొలమంతయు పెట్టుమనిరి. అంత పెట్టినచో మనుమలు ఏమి తిందురు? వాగువెంట మాత్రము పెట్టితిని. పైగట్టున నీలగిరిచెట్లు ఉంచుకొంటిని. పెద్దమనుమరాలి చదువు ఇంకను ఉన్నది," అని ఆమె స్పష్టముగా చెప్పెను. ఆమె మాటలో కపటము లేదు. పిట్టకు బాట ఆమె యిచ్చినది. తనకు తగినంత తాను ఉంచుకొన్నది. వాగులో నీరు పెరిగినదా యని యడుగగా, "చెట్లు నా మోకాలెత్తు వచ్చినవి. నేను చూతునో లేదో, పిల్లలు చూతురు," అనెను.

ఇట్టి చిన్నపట్టీలే ఇప్పుడచ్చటివారి యాశ. రెండు అడవిముక్కల నడుమ వాగుల వెంటను, పొలముల గట్టులను దేశవాళీచెట్లు వరుసగా పెరిగినచో, వెలుతురునకు వెరచు పక్షి నీడవెంట నీడగా ఒక ముక్కనుండి మరియొక ముక్కకు చేరగలదు. నాటిన పరాయిచెట్లను కొంచెము కొంచెముగా తొలగించి, ఆ చోటులందు పూర్వపు చెట్లను తెచ్చుటయు మరియొక ఉపాయము. ఒక్కమారుగా నరికినచో నేల కోసికొనిపోవును గనుక ఈ పని ఓర్పుతో చేయవలెను. 2005 నాటి కెన్యా అటవీచట్టము అడవి ప్రక్కనున్న ప్రజలు సంఘములుగా ఏర్పడి, ప్రభుత్వపు అటవీశాఖతో కలిసి అడవిని కాచుటకు అధికార మిచ్చినది. మేము చూచిన మొక్కల మడిలో పనిచేయుచున్నవారిలో హెచ్చుమంది స్త్రీలు. అడవిలో రాలిన గింజలను ఏరి, నీడపందిరిక్రింద చిన్న చిన్న సంచులలో మొలిపించుచున్నారు. కొన్ని గింజలు మొలచుటకే నెలలు పట్టునట. మరియొక యింట మూడురాళ్ల పొయ్యికి బదులు, మట్టితో కట్టిన పొయ్యిని చూచితిమి. మంట ప్రక్కలకు పోక కుండక్రిందనే నిలుచును. రెండు మోపుల పనిని ఒక మోపు చేయునని ఇల్లాలు చెప్పినది. ఆ మిగిలిన మోపు అడవిలోనే యుండును. తేనెపెట్టెలును, నార బుట్టల అల్లికయు మరికొందరికి నాలుగు షిల్లింగుల రాబడి నిచ్చుచున్నవి.

ఆ కొండలవారికి అడవిని కాచుట బొత్తిగా క్రొత్తయు కాదు. వారి పెద్దలు 'ఫిఘి' అని పిలిచెడి పవిత్రవనములు ఊరూర నుండెడివి. ఊరికి కీడు రాకుండ కాచు తావులని వానిని నమ్మిరి. అందు చెట్టు కొట్టరాదు, ఊరక ప్రవేశింపరాదు. పూర్వుల కపాలములను భక్తితో పదిలపరచిన గుహలును కొన్నిచోట్ల చెట్లనీడనే యున్నవి. మన ఊళ్లలో గ్రామదేవత చెట్టుకొమ్మను కొట్టుటకు వెనుదీయునట్టి భయభక్తులే యివి. ఇతర విశ్వాసములు వచ్చినపిమ్మట ఆ భయము చాలవరకు తగ్గినది. ఐనను ఆ వనములలో కొన్ని నేటికిని నిలిచియుండుట చూడగా, చట్టముకంటె ముందు పుట్టిన కాపుదల యొకటి కలదని తెలియుచున్నది.

ఈ కథ దూరదేశపు కథయని మన సోదరీమణులు తలపరాదు. మన కడపజిల్లాలో కలివికోడి యను పక్షి కలదు. అది కొండయడవులది కాదు, ముండ్లతుప్పలలో రాత్రివేళ తిరుగునది. 1900 తరువాత ఎవ్వరికిని కానరాక, అంతరించినదనుకొన్నపిమ్మట, 1986 లో సిద్ధవటము ప్రాంతమున మరల కనబడెను. అది యున్న తావులలో కాలువలు త్రవ్వుట, పశువులను మేపుట, కంప కొట్టుట ఎంతవరకు చెల్లునను వివాదము నాటినుండియు ఉన్నది. టైటా వృద్ధురాలికి వచ్చిన చిక్కే కడప గొల్లయిల్లాలికిని వచ్చును. కట్టెయు కావలెను, మేతయు కావలెను, పిట్టయు ఉండవలెను. ఆ మూడింటిలో పిట్ట మాత్రమే నోరు తెరచి అడుగలేదు.

మేము తిరిగి వచ్చునాటి ఉదయమున మొక్కల మడిలోని స్త్రీలు సంచులలోని మొలకలను తట్టల కెత్తి, కొండవాలున మోసికొని పోవుచుండిరి. అక్టోబరులో చిన్నవానలు మొదలగును. అంతకు ముందే గోతులు త్రవ్వి సిద్ధపరచవలెనట. వారిలో ఒకామె మేము బండి నెక్కుచుండగా చూచి, "మామా, వచ్చునేడు మరల రమ్ము. మొక్కలు లెక్కపెట్టుదువుగాని," అని కేకవేసెను. నాటినవానిలో సగము బ్రదికినను మేలేయని వారి లెక్క. వచ్చు ఆగస్టులో పోవలెనని మేమును మా వారును నిశ్చయించితిమి.